గిన్నెలో పప్పు, డబ్బాలో పొడి: రాజధానిలో ప్రోటీన్ లెక్క

పది నిమిషాల్లో సరుకులు గుమ్మంలోకి తెచ్చిపెట్టే యాప్ ఏదైనా తెరవండి. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్, ఎక్కడున్నా సరే, కూరగాయలు, పాలు, సబ్బుల సరసన ప్రోటీన్‌కు ఇప్పుడు ఒక ప్రత్యేక విభాగం కనిపిస్తుంది. ప్రోటీన్ బ్రెడ్డు, ప్రోటీన్ మజ్జిగ, ప్రోటీన్ చిప్స్, ప్రోటీన్ ఐస్‌క్రీం. జిమ్ముకు వెళ్లే కుర్రాళ్ల వ్యవహారంగా మొదలైన మాట కిట్టీ పార్టీల్లోకి, పార్కులో పొద్దున్నే నడిచే పెద్దవాళ్ల కబుర్లలోకి వచ్చేసింది. రాజధానిలోని తెలుగిళ్లూ ఇందుకు మినహాయింపు కాదు. ఊరి నుంచి వచ్చిన కందిపొడి, గోంగూర పచ్చడి సీసాల పక్కనే రెండు కిలోల వే ప్రోటీన్ డబ్బా కూర్చుంటోంది. ఇంతకీ మనకు కావలసింది ఎంత? తింటున్నది ఎంత? లోటుంటే ఎక్కడ పూడ్చుకోవాలి? వీటికి జవాబులు చాలావరకు ఉన్నాయి. కాకపోతే అవి డబ్బా మీద అచ్చువేసి ఉండవు.

కావలసిన లెక్క హైదరాబాద్ నుంచే వచ్చింది. జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలకు ఒంటి బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. 65 కిలోల మగవాడికి 54 గ్రాములు, 55 కిలోల ఆడమనిషికి దాదాపు 46. తింటున్న లెక్క కేంద్ర గణాంక శాఖ దగ్గరుంది. 2023-24 గృహ వినియోగ సర్వే ప్రకారం పట్టణాల్లో తలకు రోజుకు సగటున 63.4 గ్రాములు, పల్లెల్లో 61.8. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే లోటే లేదు. మరి ఈ గోలంతా ఎందుకు?

రెండు కారణాలున్నాయి. మొదటిది, ఆ సర్వే ఇంటికి వచ్చిన తిండిని లెక్కపెట్టి ఇంట్లో తలలకు పంచుతుంది. ఇంట్లో ఎవరి కంచంలో ఎంత పడిందో దానికి తెలియదు. రెండోది, పట్టణాల్లో ఆ ప్రోటీన్‌లో దాదాపు 39 శాతం, పల్లెల్లో సగానికి కాస్త తక్కువ బియ్యం, గోధుమ వంటి గింజల నుంచే వస్తోంది. గింజల్లో ప్రోటీన్ ఉంటుంది గానీ లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. ఇటుకలు ఎన్నున్నా సిమెంటు అయిపోతే గోడ అక్కడే ఆగినట్టు, లైసిన్ చాలనప్పుడు మిగతా అమైనో ఆమ్లాలున్నా శరీరం వాటితో కండ కట్టుకోలేదు. పప్పుల్లో లైసిన్ పుష్కలం. వాటిలో తక్కువయ్యే మెథియోనిన్ గింజల్లో దొరుకుతుంది. అన్నం, పప్పు జోడీ మన పెద్దలు రుచి కోసమే పెట్టుకున్నారో, అనుభవంతో తెలిసే పెట్టుకున్నారో గానీ, ఎన్‌ఐఎన్ వాళ్లు దానికి పాళ్లు కూడా కట్టారు. గింజలు 3, పప్పులు 1, పాలు 2.5. ఈ పాళ్లు కుదిరితే శాకాహారంలోనూ నాణ్యమైన ప్రోటీన్ అందుతుంది. గింజలే ఎక్కువైన భోజనానికి 0.83 చాలదు, కిలోకు గ్రాము దాకా కావాలి.

ఈ పాళ్లు మన ఇళ్లలో ఎంత తప్పుతున్నాయో చూద్దాం. మయూర్ విహార్‌లోనో ద్వారకలోనో ఉన్న మధ్యతరగతి తెలుగింట్లో ఒక గృహిణి తిండి అనుకోండి. పొద్దున మూడు ఇడ్లీలు, పల్లీ చట్నీ కలిపి తొమ్మిది గ్రాములు. మధ్యాహ్నం వంద గ్రాముల బియ్యం వండిన అన్నం ఎనిమిది. పచ్చి పప్పు లెక్కన పాతిక గ్రాములయ్యే టమాటా పప్పు ఐదున్నర. కూర రెండు, పెరుగు మూడు. రెండుసార్లు టీలో పడ్డ పాలు మూడు. రాత్రి మూడు చపాతీలు తొమ్మిది, బెండకాయ వేపుడు రెండు, మజ్జిగన్నం బదులు చిన్న గిన్నెడు పెరుగు మరో మూడు. మొత్తం నలభై నాలుగున్నర. 46కి ఒకటిన్నరే తక్కువ కదా అనిపిస్తుంది. కానీ అందులో సగానికి దగ్గరగా బియ్యం, గోధుమల వాటా. ఆమె తిన్న గింజలు దాదాపు 240 గ్రాములైతే, ఇడ్లీలోని మినప్పప్పును కలుపుకున్నా పప్పు నలభై దాటలేదు. ఆరుకు ఒకటి. ఎన్‌ఐఎన్ పాళ్లలో ఉండాల్సింది ఎనభై. ఇక పప్పు బదులు సాంబారు చేసిన రోజు లెక్క ఇంకా పలచబడుతుంది. నలుగురికి రెండు పూటలు వచ్చే సాంబారుకు అరకప్పు కందిపప్పు వేస్తే మనిషికి పూటకు పన్నెండు గ్రాములు దాటదు. చారు సంగతి సరేసరి.

కాబట్టి నా అభిప్రాయం ముందే చెబుతాను. రాజధానిలో మనకున్న ప్రోటీన్ సమస్యలో ఎక్కువ భాగం ఒక గరిటె సమస్య. కొత్త వస్తువేదో కొని తెచ్చుకోవడం కంటే, ఉన్న పప్పును చిక్కగా వండి, గింజల వాటా కొంచెం తగ్గించి, ఇంట్లో అందరికీ సరిగ్గా వడ్డించడం పెద్ద పని.

ఈ పాళ్లు మన దేశంలో ఎందుకు తప్పాయో తెలియాలంటే ఒక పాత తగాదాను గుర్తుచేసుకోవాలి. ఆ తగాదాలో మనవాళ్లూ ఉన్నారు. 1960లలో ప్రపంచమంతా ప్రోటీన్ కొరత భయంలో ఉండేది. ముంచుకొస్తున్న ప్రోటీన్ సంక్షోభాన్ని ఆపాలంటూ ఐక్యరాజ్యసమితి 1968లో ఒక నివేదికే ప్రకటించింది. చేపల పిండి, ఆకుల నుంచి తీసిన ప్రోటీన్, నూనె తీసిన గింజల పిండి, ఇలా ఎన్నెన్నో ప్రయోగాలు జరిగాయి. శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి ఆ రోజుల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో పేథాలజీ ఆచార్యుడు. ప్రోటీన్ తగ్గితే కాలేయానికి, పేగులకు ఏమవుతుందో కోతుల మీద చేసిన పరిశోధనలతో ఆయన బృందానికి పేరొచ్చింది. 1969 నుంచి పదేళ్లు ఆయనే ఎయిమ్స్ డైరెక్టరు.

అదే కాలంలో హైదరాబాద్‌లో పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ మరో మాట అంటున్నారు. కూనూరులో 1918లో వైద్యుడు మెకారిసన్ మొదలుపెట్టిన చిన్న పరిశోధనశాల 1958లో హైదరాబాద్‌కు వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడ గోపాలన్ బృందం చూసింది ఏమిటంటే, పల్లెల్లో ఒంట్లో నీరు పట్టిన పిల్లలకూ ఎముకల గూడైన పిల్లలకూ తిండిలో పెద్ద తేడా లేదు. ఇద్దరికీ తక్కువైంది మొత్తం తిండే. కడుపు నిండకపోతే తిన్న ప్రోటీన్‌ను కూడా శరీరం వంటచెరకుగా కాల్చేస్తుంది. గణాంకవేత్త పి.వి. సుఖాత్మే లెక్కలతో అదే వాదించారు. మనది ప్రోటీన్ లోటు కాదు, కేలరీల లోటు అన్నారు. 1974లో పోషకాహార నిపుణుడు డొనాల్డ్ మెక్‌లారెన్ లాన్సెట్ పత్రికలో ఈ ప్రోటీన్ హడావిడి మొత్తాన్నీ ఘోర వైఫల్యమని దులిపేశాడు. గోపాలన్ అదే సంవత్సరం ఢిల్లీలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) డైరెక్టర్ జనరల్ అయ్యారు. 1979లో ఆ కుర్చీలోకి రామలింగస్వామి వచ్చారు.

గోపాలన్, సుఖాత్మేల మాట ఆ కాలానికి నూటికి నూరుపాళ్లూ సరైనది. ఆకలితో ఉన్న దేశానికి ముందు అన్నం కావాలి. బక్కచిక్కిన పిల్లల కోసం ఎన్‌ఐఎన్ తయారుచేసిన హైదరాబాద్ మిక్స్ చూసినా ఆ తెలివి కనబడుతుంది. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. అంతే, 330 కేలరీలు, 11 గ్రాములకు పైగా ప్రోటీన్. దిగుమతి చేసుకున్న పొడి ఒక్క చెంచా లేదు. కానీ ప్రభుత్వాలకు ఆ మాటలో మొదటి సగమే వినిపించింది. హరిత విప్లవంతో గోధుమ, వరి పెరిగాయి. కనీస ధరలు, కొనుగోళ్లు, నీళ్లు, అన్నీ వాటికే. 1951లో మనిషికి రోజుకు అరవై గ్రాములు ఉన్న పప్పుల లభ్యత తర్వాతి దశాబ్దాల్లో నలభై కిందికి దిగజారి, ఈ మధ్యే మళ్లీ కొంత పైకి లేచింది. 2013 ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు ఐదు కిలోల గింజలకు హామీ ఇస్తుంది. పప్పుకు ఇవ్వదు. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాలు తమ డబ్బుతో రేషన్‌లో కందిపప్పు ఇచ్చాయి గానీ అది దేశమంతటి పద్ధతి కాలేదు. 2015 అక్టోబరులో ఢిల్లీలో కందిపప్పు కిలో రెండు వందల దాకా వెళ్లినప్పుడు బీదల వంటగదుల్లో ఏం జరిగిందో ఊహించుకోవడానికి సర్వేలు అక్కర్లేదు. పప్పు మానరు, నీళ్లు పోస్తారు.

ఇప్పుడు కథ మళ్లీ తిరిగింది. రాజధానిలో మధ్యతరగతికి కేలరీల లోటు లేదు, అతి ఉంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఢిల్లీ ఆడవాళ్లలో 41 శాతం, మగవాళ్లలో 38 శాతం అధిక బరువు ఉన్నవాళ్లు. 2025లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాలవే, ప్రోటీన్ వాటా 12 శాతమే. పిండిపదార్థాల వాటాలో ఐదు శాతం తగ్గించి ఆ చోట పప్పులు, పాల ప్రోటీన్ పెడితే మధుమేహం ముప్పు తగ్గే అవకాశం ఉందని అందులో తేలింది. అంటే ఇవాళ ప్రోటీన్ పెంచమనడం అదనంగా తినమనడం కాదు. ఒకటి తీసి ఒకటి పెట్టమనడం. ప్రకటనల్లో ఈ తీయడం మాట వినపడదు, తీయమంటే సరుకు అమ్ముడుపోదు మరి.

తీసి పెట్టడానికి ఢిల్లీ అంత అనువైన ఊరు మనకు దక్షిణాదిలో కూడా లేదని నా నమ్మకం. మనకు పప్పు అన్నంలో కలిసే ఆదరువు. ఇక్కడ అది పళ్లెంలో ప్రధాన పాత్ర. రాజ్మా చావల్‌లో రాజ్మా గింజలు ఎంచి చూడండి, యాభై గ్రాముల ఎండు గింజలు సులువుగా పడతాయి. పది గ్రాముల ప్రోటీన్ అక్కడే. ఛోలే కుల్ఛే కూడా అంతే, కాకపోతే కుల్ఛే స్థానంలో రెండు భటూరేలు వస్తే మైదా, నూనె కలిసి లెక్క మారిపోతుంది. దాల్ మఖనీ పేరులో పప్పు ఉన్నా, హోటల్లో మనం డబ్బిచ్చేది ఎక్కువగా వెన్నకూ మీగడకూ. పెసరపప్పు చీలా మన పెసరట్టుకు దగ్గర చుట్టమే, ఇక్కడివాళ్లు అందులో పనీర్ తురుము కూడా పెడతారు. ఎండాకాలం బిహారీ బండ్ల మీద కలిపి ఇచ్చే సత్తు షర్బత్ సంగతి మన తెలుగువాళ్లు ఇంకా సరిగ్గా పట్టించుకోలేదు. వేయించిన శనగల పిండి, నిమ్మరసం, ఉల్లిముక్కలు, జీలకర్ర, నల్లుప్పు, చల్లటి నీళ్లు. ముప్పై గ్రాముల సత్తుకు ఆరు గ్రాములకు తగ్గని ప్రోటీన్, పైగా ఎండకు చలవ. మన ఇళ్లలో పుట్నాల పొడి ఇడ్లీ పక్కన చెంచాడు వేసుకుని డబ్బా మూత పెట్టేస్తాం.

సోయా చాప్ విషయంలో మాత్రం జాగ్రత్త. కర్రకు చుట్టి, మీగడ పూసి, బొగ్గుల మీద కాల్చే ఈ ఢిల్లీ వంటకాన్ని శాకాహారులు మాంసానికి బదులుగా తింటారు. అందులో సోయాతో పాటు మైదా ఉంటుంది, ఎంతన్నది చేసేవాడికే తెలియాలి. అసలు లాభం కిరాణా కొట్టులో దొరికే సోయా చంక్స్‌లో ఉంది. ఎండువి వంద గ్రాముల్లో యాభై గ్రాములకు పైగా ప్రోటీన్. పాతిక గ్రాములు వేడినీళ్లలో నానబెట్టి, పిండి, మసాలా కూరలో వేస్తే పన్నెండు, పదమూడు గ్రాములు. గ్రాము ప్రోటీన్‌కు పడే ధర చూస్తే దీన్ని మించిన చవక లేదు. తర్వాత శనగలు, పప్పులు, పల్లీలు, గుడ్లు వస్తాయి. పనీర్ ఖరీదు. పైగా అందులో ప్రోటీన్‌తో సమానంగానో, మించో కొవ్వు ఉంటుంది. పాల కొవ్వు బదులు వేరే నూనెలతో చేసిన నకలును లేబుల్ మీద ‘ఎనలాగ్’ అని తప్పనిసరిగా రాయాలి. విడిగా తూచి అమ్మే ముక్కకు లేబుల్ ఎక్కడుంటుంది? పాలు మాత్రం ఇక్కడివాళ్లకు పెద్ద అండ. 1974లో మొదలైన మదర్ డెయిరీ బూత్‌లు ఈ ఊళ్లో పాలను పేటపేటకూ చేర్చాయి. పావు లీటరు పాలకు ఎనిమిది గ్రాములు.

మన వైపు నుంచి తెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి. అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో కూర్చుంటే అవి ఒకేచోట కనిపిస్తాయి. ముద్దపప్పు, పొడి, నెయ్యి, పెరుగు, అడిగితే కోడివేపుడో చేపల పులుసో. అక్కడ తినే ఢిల్లీవాళ్లు సాంబారు రెండోసారి అడుగుతారు, మనవాళ్లు అన్నం రెండోసారి అడుగుతారు. పప్పు రెండోసారి అడిగేవాళ్లు తక్కువ. పల్లీలు, నువ్వులు కూరల్లో దంచి వేయడం, గోంగూరలో శనగపప్పు, కాకరకాయలో పల్లీపొడి, ఇవన్నీ ఉత్తరాది వంటకు లేని బలం. చేపలకు ఐఎన్‌ఏ మార్కెట్, తూర్పు ఢిల్లీలో గాజీపూర్.

2014 నమూనా సర్వేలో తెలంగాణలో దాదాపు 99 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 98 శాతం మంది మాంసాహారులమని చెప్పారు. ఆ లెక్క చూసి మనకు ప్రోటీన్ లోటేముంది అనుకుంటే పొరపాటు. చాలామందికి అది ఆదివారపు మాంసాహారం. సోమవారం శివుడికి, గురువారం సాయిబాబాకు, శనివారం వెంకన్నకు, శ్రావణం, కార్తీకం నెలలకు నెలలు తీసేస్తే మిగిలేది కొద్ది రోజులే. వాటిలోనూ ఢిల్లీ ప్రాంతం కొంత కోసేస్తుంది. మంగళవారం మాంసం దుకాణాలు మూయాలని గురుగ్రామ్ నగరపాలక సంస్థ 2021లో నిర్ణయించింది. నవరాత్రుల్లో చాలా పేటల్లో అదే వరస. ఇల్లు అద్దెకు అడగ్గానే ‘నాన్‌వెజ్ వండుతారా’ అనే ప్రశ్న ఎదురుకాని తెలుగువాడు ఈ ఊళ్లో అరుదు.

అలాంటి ఇళ్లలో కూడా గుడ్డు ఎలాగో సందు చూసుకుని దూరింది. దీని వెనుక ఒక తెలుగువాడి కృషి ఉంది. వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిన బండ వాసుదేవరావు 1982లో కోళ్ల రైతులను కూడగట్టి జాతీయ గుడ్ల సమన్వయ సంఘం (ఎన్‌ఈసీసీ) పెట్టించారు. అప్పటిదాకా దళారులు చెప్పిందే ధర. ఆ తర్వాత రైతుల సంఘం రోజూ ధర ప్రకటించడం మొదలైంది. వారంలో ఏ రోజైనా గుడ్డు తినమనే వాళ్ల హిందీ ప్రకటన దూరదర్శన్ చూసిన ప్రతి ఇంటికీ తెలుసు. గుడ్ల ఉత్పత్తిలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే అయినా, ఢిల్లీకి గుడ్లు ఎక్కువగా హర్యానా నుంచి, ముఖ్యంగా బర్వాలా వైపు నుంచి వస్తాయి. ఒక గుడ్డుకు ఆరు గ్రాములు. పైగా అది దాదాపు మొత్తం ఒంటబట్టే ప్రోటీన్. బెంగళూరు సెయింట్ జాన్స్‌లో అనూరా కుర్పాద్ బృందం ఐసోటోపులతో కొలిస్తే గుడ్డు ప్రోటీన్‌లో దాదాపు తొంభై శాతం జీర్ణమైంది. శనగలు, పెసల్లో అంతకంటే చాలా తక్కువ. పెసలకు పొట్టు తీస్తే ఆ శాతం పెరిగింది. పొట్టులో పీచు ఉంది నిజమే, కానీ అరుగుదల తక్కువైన ముసలివాళ్లకు చాయపెసరపప్పే మేలు.

ఓల్డ్ రాజేంద్ర నగర్, ముఖర్జీ నగర్ గదుల్లో సివిల్స్‌కు చదివే మన పిల్లలకు ఈ గుడ్డే దిక్కు. మెస్ డబ్బాలో నాలుగు రొట్టెలు, బంగాళదుంప కూర, అడుగు కనిపించే పప్పు వస్తాయి. గదిలో ఉండేది ఒక్క కరెంటు కెటిల్. అందులో నాలుగు గుడ్లు ఉడకబెట్టుకోవచ్చు, రాత్రి నానేసిన శనగలు పొద్దున అలాగే తినొచ్చు. చలికాలంలో బండి మీద వేడి పల్లీల పొట్లం దొరుకుతుంది, ముప్పై గ్రాములకు ఏడు గ్రాముల ప్రోటీన్. వాళ్లలో కొందరు మెస్‌ మానేసి పొడి కలుపుకుని తాగి చదువుతున్నారని వింటుంటాం. అది చదువుకు మంచిది కాదు, ఒంటికీ కాదు.

పొడుల సంగతి ఎటూ వచ్చింది. వే ప్రోటీన్ విషం కాదు. పాల విరుగుడు నుంచి తీసిందే. సరిగ్గా తయారైతే మంచి ప్రోటీనే. చిక్కు దాన్ని తయారుచేసి, ప్యాక్ చేసి, అమ్మే చోట్ల ఉంది. 2024లో మెడిసిన్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో మన దేశపు మార్కెట్లోని 36 ప్రోటీన్ సప్లిమెంట్లు పరీక్షిస్తే దాదాపు 70 శాతంలో లేబుల్ చెప్పిన ప్రోటీన్‌కూ లోపల ఉన్నదానికీ పొంతన కుదరలేదు. కొన్నిటిలో సగం కూడా లేదు. 14 శాతంలో బూజు నుంచి వచ్చే ఎఫ్లటాక్సిన్లు దొరికాయి. అదే ఏడాది మే నెలలో ఎన్‌ఐఎన్ తన ఆహార సూచికల్లో కండలు పెంచడానికి ప్రోటీన్ సప్లిమెంట్లు వద్దని స్పష్టంగానే రాసింది. ఆటగాళ్లు, జబ్బు నుంచి లేచి తినలేకపోతున్నవాళ్లు డాక్టరు చెబితే వాడొచ్చు. మిగతావాళ్లకు ఆ డబ్బుతో గుడ్లూ పెరుగూ బోలెడు వస్తాయి.

ఎక్కువ కావలసిన వాళ్ల గురించి మాత్రం మనం తక్కువ మాట్లాడుతున్నాం. గర్భిణికి చివరి మూడు నెలల్లో రోజుకు అదనంగా 22 గ్రాములు, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలల్లో 17 గ్రాములు కావాలని ఐసీఎంఆర్ ప్రమాణం. మన ఇళ్లలో బాలింతకు సరిగ్గా అప్పుడే పథ్యం మొదలవుతుంది. పప్పు వాతం, గుడ్డు వేడి, పెరుగు జలుబు. నెయ్యి, కారప్పొడి, అన్నం. ఊళ్లో నుంచి పురుడు పోయడానికి అమ్మ వస్తే ఆ పథ్యమూ రైలెక్కి ఢిల్లీ దాకా వస్తుంది. ఇక మామూలు రోజుల్లో ఇంటావిడ చివర తింటుంది. గిన్నె అడుగున పప్పు చాలకపోతే పచ్చడి, మజ్జిగతో సరిపెట్టుకుంటుంది. రామలింగస్వామి 1996లో ఇద్దరు సహచరులతో కలిసి యునిసెఫ్‌కు రాసిన వ్యాసం ‘ఆసియా చిక్కుముడి’ ఇదే అడిగింది. ఆఫ్రికా కంటే పేదరికం ఎక్కువ లేకపోయినా దక్షిణాసియా పిల్లలు ఎందుకు ఎక్కువ బక్కచిక్కి ఉన్నారు? ఆయన వేలు చూపింది ఆడవాళ్ల స్థితి వైపు. జీవితంలో సగం ప్రోటీన్ మీద సూక్ష్మదర్శినితో పనిచేసిన మనిషి చివరికి వంటింటి వడ్డన దగ్గరికి వచ్చి ఆగాడు.

అరవై దాటినవాళ్లకు కండ వేగంగా కరుగుతుంది. వాళ్లకు కిలోకు ఒకటి నుంచి 1.2 గ్రాముల దాకా ఉంటే మంచిదని అంతర్జాతీయ నిపుణుల బృందాలు చెబుతున్నాయి. పిల్లల దగ్గర ఉండటానికి వచ్చిన అమ్మానాన్నలు రాత్రి రెండు ఇడ్లీలో, పాలలో తడిపిన బ్రెడ్డో తిని సరిపెట్టుకుంటారు. వాళ్లకు ఒకే పూట ఎక్కువ పెట్టడం కన్నా మూడు పూటలా కొంచెం కొంచెం అందించడం మేలు. పొద్దున గుడ్డో పెసరట్టో, మధ్యాహ్నం ముద్దపప్పు, రాత్రి పాలు లేదా పనీర్ పొరటు. దాంతోపాటు రోజూ కాస్త నడక, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా పదిసార్లు లేవడం. కండకు పని లేకపోతే ప్రోటీన్ అక్కడ నిలవదు.

అయితే అందరికీ పెంచమని చెప్పలేం. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు డాక్టర్లు చాలాసార్లు ప్రోటీన్ తగ్గించమంటారు, కిలోకు 0.6 నుంచి 0.8 గ్రాముల దాకా. రామలింగస్వామి పుట్టిన శ్రీకాకుళం జిల్లాలోనే ఉద్దానం ఉంది. అక్కడ అంతుచిక్కని కిడ్నీ జబ్బుతో ఎందరో డయాలసిస్ మీద ఉన్నారు, ఢిల్లీ ప్రాంతంలో పనిచేసే ఆ జిల్లా వాళ్లూ ఉన్నారు. ఉద్దానం దాకా ఎందుకు, బీపీ, షుగర్ ఉండి కిడ్నీ దెబ్బతిన్నట్టు తెలియనివాళ్లు ఈ మహానగరంలో చాలామంది. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు రెండూ కలిపినా ఒక వే డబ్బా ధరలో కొంచెమే. నలభై దాటి, షుగరో బీపీయో ఉన్నవాళ్లు డబ్బా మూత తీసేముందు ఆ రెండు కాగితాలు డాక్టరుకు చూపించుకోవాలి.